పాలు పొంగించే ముందు గోడలు చూశారా?

ఇల్లు మారడమంటే మాటలు కాదు. సామాను సర్దుకోవడం, పిల్లల బడి, పాలవాడు, గ్యాసు, కొత్త చోట నల్లా ఏ వేళకి వస్తుందో తెలుసుకోవడం... ఇన్ని హైరానాల మధ్య అడ్వాన్సు సంగతి ఇచ్చిన రోజే మరిచిపోతాం. మళ్ళీ గుర్తొచ్చేది ఖాళీ చేసేటప్పుడే. అసలు కథ అప్పుడు మొదలవుతుంది.

"హాల్లో గోడంతా పాడుచేశారు", "సింకు పగిలింది", "మేం ఇచ్చినప్పుడు ఈ తలుపు ఇలా లేదు" అని ఇంటివాళ్ళంటారు. "మేం వచ్చినప్పటికే అలా ఉందండీ" అని మనమంటాం. రెండు మూడేళ్ళ కిందటి మాట. ఎవరిది నిజమో చెప్పే మూడో మనిషి ఉండరు. గోడలకి చెవులుంటాయంటారు గానీ నోరు లేదు కదా!

హైదరాబాదు పాతబస్తీలో లాల్‌దర్వాజ, గౌలిపుర, ఉప్పుగూడ, ఛత్రినాక, సైదాబాదు ఎటు వెళ్ళినా ఒకే ఇంట్లో రెండు మూడు పోర్షన్లు కిరాయికి ఇవ్వడం మామూలే. రెండు మూడు నెలల కిరాయి అడ్వాన్సుగా అడుగుతారు. ఆ డబ్బు ఎక్కడిది? ఎన్నో ఇళ్ళలో అది ఇల్లాలు ఎత్తిన చిట్టీ, లేదంటే కుదువపెట్టిన గాజులు. నెలకు 9,000 కిరాయి అనుకోండి. మూడు నెలల అడ్వాన్సు 27,000. వెళ్ళేటప్పుడు రంగులకని ఒక నెల కిరాయి, సింకుకో 3,000, తలుపుకో 2,500 తీసేస్తే చేతికొచ్చేది 12,500. కొత్తింటికి మళ్ళీ 27,000 కట్టాలి. మిగతా 14,500 ఎక్కడినుంచి తేవాలి?

ఈ తగవు రాకుండా చూసుకోవడానికి ప్లీడరు అక్కర్లేదు. ఇంట్లోకి సామాను దిగకముందు ఒక్క గంట సమయం, నాలుగు తెల్లకాగితాలు, ఒక ఫోను ఉంటే చాలు. ఆ గంట పని ఇల్లాలి చేతిలోనే ఉంటుంది. రోజంతా ఇంట్లో మసలేది, ఏ నల్లా కారుతోందో, ఏ గడియ పడదో ముందు కనిపెట్టేది మనమే కదా!

చట్టం ఏమంటుంది?

చట్టమనగానే పేజీ తిప్పేయకండి. తెలుసుకోవలసింది ఒక్క మాటే. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో 108వ సెక్షన్ ఉంది. మీ ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే ఆ సెక్షనే వర్తిస్తుంది. అద్దెకున్నవాళ్ళు ఇంటిని తాము చేతికి తీసుకున్ననాడు ఎలా ఉందో అంత మంచిగా తిరిగి అప్పగించాలని అందులో ఉంది. రెండింటికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఒకటి, మామూలు వాడకంలో వచ్చే అరుగుదల. రెండు, వరదలాంటి మనిషి ఆపలేని శక్తి వల్ల జరిగిన నష్టం.

"చేతికి తీసుకున్ననాడు ఎలా ఉందో" అన్న మాట దగ్గర ఆగండి. లెక్కంతా ఆ మొదటి రోజు నుంచే. ఆ రోజు ఇల్లు ఎలా ఉందో కాగితం మీద లేకపోతే గట్టిగా మాట్లాడినవాళ్ళదే పైచేయి. అడ్వాన్సు ఎటూ వాళ్ళ చేతిలోనే ఉంది, ఇక చెప్పేదేముంది!

అరుగుదలంటే ఏమిటో కూడా చూద్దాం. మూడేళ్ళలో రంగు వెలిసిపోవడం, పొయ్యి పైన గోడకు మసక పట్టడం, గడప దగ్గర నేల నునుపెక్కడం, నల్లా వాషరు అరగడం, ఇవన్నీ మనుషులు కాపురముంటే వచ్చేవే. రోకలి జారి సింకు పగలడం, పిల్లలు బంతితో అద్దం పగలగొట్టడం, తలుపుకు మేకులు కొట్టి చెక్క చీలడం మాత్రం మన ఖాతాలోవే. వాటిని మనమే ఒప్పుకుని బాగుచేయించి ఇస్తే, మిగతా వాటి గురించి అడిగే నోరుంటుంది.

పాతబస్తీ ఇళ్ళ తీరు వేరు

కొత్త కాలనీల అపార్టుమెంటులో చూడాల్సినవి వేరు, పాతబస్తీ ఇళ్ళలో చూడాల్సినవి వేరు. ఇక్కడ ఎన్నో ఇళ్ళు తాతల నాటివి. సున్నపు గచ్చు గోడలు, షాబాదు బండల నేల, పైన మిద్దె లేదా రేకులు. వీటి గుణం తెలియకపోతే మన తప్పు లేకుండానే మాట పడాలి.

మొదటిది చెమ్మ. పాత గోడలు నేలలోని తడిని దీపంలో వత్తి నూనెను లాగినట్టు పైకి లాగుతాయి. ఆ తడితో పాటు ఉప్పు కూడా పైకొచ్చి గోడ మీద తెల్లగా పూస్తుంది. రంగు పొట్టులా లేస్తుంది. నేల నుంచి రెండు మూడడుగుల దాకా వరసగా ఇలా ఉందంటే అది గోడ జబ్బు, అద్దెకున్నవాళ్ళ తప్పు కాదు. అలా కాకుండా అంట్లు తోమే చోట, స్నానాల గది పక్కన మాత్రమే తడి ఉంటే దానికి కారణం నీళ్ళ పైపో, మోరీయో అయివుంటుంది. వచ్చిన రోజే ఏ గోడకు ఎంత ఎత్తున చెమ్మ ఉందో కొలిచి రాసుకోవాలి.

ఎండాకాలం ఇల్లు చూస్తే చెమ్మ కనిపించదు. అంతా ఎండిపోయి చక్కగా ఉంటుంది. అప్పుడు పాత మరకల అంచులు వెతకండి. మిద్దె కింద పసుపుపచ్చ వలయాలు, మూలల్లో ఉబ్బు కనిపిస్తే వానకు కారుతుందన్నమాటే. కొత్తగా సున్నం వేసిన గోడైతే అరచేత్తో తడిమి చూడండి. చల్లగా, మెత్తగా తగిలితే లోపల తడి ఉన్నట్టే.

రెండోది మేకులు. సున్నపు గచ్చుకు మేకు కొడితే సిమెంటు గోడలా చిన్న రంధ్రంతో ఆగదు, అరచేతి వెడల్పు పెచ్చు ఊడిపోతుంది. దేవుడి పటమైనా, గడియారమైనా సరే, ఇంటివాళ్ళని అడిగి ఇదివరకున్న మేకుకే తగిలించడం మంచిది.

మూడోది నేల. షాబాదు బండ సున్నపురాయి జాతిది. యాసిడ్ తగిలితే పొంగి, పైపొర తినేసి తెల్లమచ్చలు పడతాయి. ఖాళీ చేసే ముందు ఇల్లు మెరిపిద్దామని చాలామంది యాసిడ్ బాటిల్ తెచ్చి నేలంతా పోసేస్తుంటారు. మంచికి పోతే చెడు ఎదురైనట్టు, అప్పుడు నిజంగానే మనం పాడుచేసినట్టవుతుంది. సబ్బుపొడి నీళ్ళు, కొబ్బరి పీచు చాలు.

ఒక్క గంటలో ఏమేం చూడాలి?

మన వాళ్ళు ఆషాఢంలో ఇల్లు మారరు. శ్రావణం రాగానే మంచిరోజు చూసుకుని, తెల్లవారుజామున పాలు పొంగించి, వెంటనే లారీ దింపేస్తారు. అలా కాకుండా తాళంచెవి ముందురోజే అడిగి తీసుకోండి. ఖాళీ ఇంట్లో, పగటి వెలుతురులో, కిటికీలన్నీ తెరిచి చూడాలి. బీరువా, మంచం పడ్డాక గోడ కనపడదు.

వీధి తలుపు దగ్గర మొదలుపెట్టి కుడివైపుగా గది తర్వాత గది తిరిగి మళ్ళీ వీధి తలుపు దగ్గరికే రండి. వరస తప్పకపోతే ఏదీ మరిచిపోరు.

తలుపులు, కిటికీలు: ప్రతిదీ తెరిచి మూయండి. గడియ పడుతోందా, బందు ఊగుతోందా, అద్దం చీలిందా, దోమల జాలీ చిరిగిందా? తాళాలెన్ని, తాళంచెవులెన్ని?

కరెంటు: ప్రతి స్విచ్చీ వేసి చూడండి. ఫ్యాను అన్ని నంబర్ల మీదా తిరుగుతోందా? ఫ్యాన్లు, ట్యూబులైట్లు లెక్కపెట్టండి. మీటరు అంకె రాసుకోండి. పాత బాకీ ఉందేమో బిల్లు అడిగి చూడండి.

వంటిల్లు: గట్టు బండకు చీలిక ఉందా? సింకులో నీళ్ళు నింపి ఒక్కసారి వదలండి. కింద పైపు కారుతుందేమో చెయ్యి పెట్టి చూడండి. అరల చెక్కకు చెదలు పట్టిందా?

స్నానాల గది: ఒక బకెట్టు నీళ్ళు కుమ్మరించండి. ఎంతసేపటికి పోయాయో చూడండి. నిలిచిపోతే మోరీ పూడుకుందని రాయండి. ఫ్లష్ లాగి చూడండి.

నేల: బండల మీద చిల్లపెంకుతో మెల్లగా తట్టండి. బోలుగా మోగిన బండ ఇవ్వాళో రేపో లేస్తుంది. అంచులు విరిగిన బండలు ఎన్నో లెక్క రాయండి.

నీళ్ళు: సంపు మూత, మోటారు, మిద్దె మీది ట్యాంకు చూడండి. జలమండలి బిల్లు ఎవరు కట్టాలో, మోటారు చెడితే ఎవరు బాగుచేయించాలో అప్పుడే అడిగేయండి.

కాగితం ఎలా రాయాలి?

"ఇల్లు బాగుంది" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. ఎక్కడ, ఏమిటి, ఎంత అని మూడూ ఉండాలి. ఈ కింది మాదిరిగా రాసుకోవచ్చు.

"తేదీ, ఇంటి నంబరు, వీధి.
హాలు: తూర్పు గోడకు నేల నుంచి 2 అడుగుల ఎత్తు దాకా చెమ్మ, రంగు లేచింది. కిటికీ ఎడమ అద్దం మూలకు చీలిక ఉంది. ఫ్యాను 1, పనిచేస్తోంది.
వంటిల్లు: సింకు కుడి అంచు విరిగింది. గట్టు బాగుంది. నల్లా వదులు, చుక్కలు పడుతున్నాయి.
స్నానాల గది: తలుపు కింద చెక్క తడికి ఉబ్బింది, గడియ పడదు.
నేల: హాలులో 4 బండలకు అంచులు విరిగాయి.
గోడలకు రంగు: పాతది. మేము వచ్చేముందు కొత్తగా వేయలేదు.
కరెంటు మీటరు అంకె. తాళంచెవులు 3.
అడ్వాన్సు 27,000 రూపాయలు, ముట్టింది."

కింద ఇంటివాళ్ళ సంతకం, మీ సంతకం, వీలైతే ఇద్దరు సాక్షులవి. ప్రతి పేజీ మీదా సంతకాలు ఉండాలి. రెండు ప్రతులు రాసి చెరొకటి ఉంచుకోవాలి. రంగుల సంగతి తప్పకుండా రాయండి, ఎక్కువ కోత పడేది అక్కడే. కొత్త రంగు వేసి ఇచ్చారా, పాతదేనా, వెళ్ళేటప్పుడు రంగు ఎవరు వేయించాలి అన్నది ఆ రోజే తేలిపోవాలి.

పాతబస్తీలో ఇంకో సంగతి. ఇంటివాళ్ళకు తెలుగు చదవడం రాకపోవచ్చు, మనకు ఉర్దూ రాకపోవచ్చు. కాగితం రెండు భాషల్లో రాయించండి. లేదంటే రెండు భాషలూ వచ్చిన మనిషి చేత చదివి వినిపించి, అలా వినిపించినట్టు ఆయన చేతనే ఒక సంతకం పెట్టించండి. అర్థం కాని కాగితం మీద సంతకం తీసుకుంటే తర్వాత అదే కొత్త తగువవుతుంది.

చాలా ఇళ్ళలో 11 నెలలకే ఒప్పందం రాస్తారు. ఆ ఒప్పందానికి ఈ కాగితాన్ని జత చేసి, "ఇంటి స్థితి ఈ జాబితాలో ఉన్నట్టు" అని ఒక్క ముక్క ఒప్పందంలో రాయించండి. ఒప్పందం తిరగరాసిన ప్రతిసారీ పాత జాబితా చెల్లుతుందని కూడా రాయడం మరవకండి.

అడ్వాన్సు నగదుగా ఇస్తే రసీదు తీసుకోండి. 5,000 రూపాయలు దాటితే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి. బ్యాంకు ద్వారానో, ఫోను ద్వారానో పంపితే "ఇంటి అడ్వాన్సు" అని రాసి పంపండి.

ఫోనులో ఫొటోలు

పూర్వం కెమెరా రీలు కొని ఫొటోలు తీయాలంటే పండగకో, పెళ్ళికో. ఇవ్వాళ ఫోను లేని ఇల్లు అరుదు. కాని కాగితం లేకుండా ఫొటోలొక్కటే చాలవు. మరక దగ్గరగా తీసిన ఫొటో చూస్తే అది ఏ గదిదో మూడేళ్ళ తర్వాత మనకే తెలియదు.

అందుకే ముందు గోడంతా కనిపించేలా ఒకటి, తర్వాత మరక దగ్గరగా ఒకటి తీయండి. చీలిక పక్కన రూపాయి బిళ్ళో, అగ్గిపెట్టో పెడితే ఎంత పెద్దదో తెలుస్తుంది. కాగితంలో రాసిన వరసలోనే తీయండి. చివర్లో నడుస్తూ, మాట్లాడుతూ ఒక వీడియో తీయండి: "ఇది హాలు, ఇది తూర్పు గోడ, ఇదిగో చెమ్మ" అని. అన్నీ ఆ రోజే ఇంటివాళ్ళ వాట్సాపుకు పంపేయండి. ఏ తేదీన పంపామో అందులోనే ఉంటుంది. ఫొటోలకు మెరుగులు దిద్దకండి, అసలువి అలాగే ఉంచి ఒక పెన్‌డ్రైవులో కూడా వేసుకోండి. ఫోను పోయినా అవి పోవు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఫోనులోని ఫొటోలను కోర్టులో రుజువుగా చూపించాలంటే ఒక ధ్రువపత్రం జతచేయాలి. ఆ అవసరం వస్తే ప్లీడరు చూసుకుంటారు. మన వంతు అసలు ఫొటోలు చెరిగిపోకుండా దాచడమే.

అడగడానికి మొహమాటమా?

"ఇదంతా బాగానే ఉంది గానీ, ఇల్లు దొరకడమే కష్టమైపోతుంటే కాగితాలంటూ అడిగితే ఇస్తారా? నమ్మకం లేదా అంటారేమో" అని మీకనిపించవచ్చు. నిజమే. మాట తీరులోనే ఉంది అంతా.

"మీ మీద నమ్మకం లేదు, రాసివ్వండి" అనకండి. "అక్కా, మీ ఇల్లు మేం జాగ్రత్తగా చూసుకుంటాం. ఇప్పుడు ఎలా ఉందో రాసి పెట్టుకుంటే, రేపు పిల్లలు ఏదన్నా పాడుచేస్తే మాదేనని ఒప్పుకోవడానికి మాకు వీలుంటుంది. ఒకసారి మాతో పాటు తిరిగి చూడండి" అనండి. ఇంటావిడ ముస్లిం అయితే "ఆపా" అని పిలిచి ఇదే మాట చెప్పండి. ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళకి కూడా భయముంటుంది కదా! ఆ కిరాయి మీదే నెల గడిచే పెద్దవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ ఫ్యాన్లు, తలుపులు, నల్లాలు లెక్క తప్పకుండా ఉన్నాయని ఈ కాగితం వాళ్ళకూ భరోసా ఇస్తుంది.

అయినా సంతకం పెట్టమంటే? గొడవ పడకండి. ఆ జాబితానే మర్యాదగా వాట్సాపులో పంపండి: "ఈ రోజు ఇల్లు చూసుకున్నాం. ఇవి గమనించాం. ఏదన్నా తప్పుంటే చెప్పండి" అని. వారం రోజుల్లో కాదనకపోతే ఆ మాట కొంతవరకైనా మీ పక్షాన ఉంటుంది.

అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న మన పిల్లల్ని అడిగి చూడండి. అద్దె ఇంట్లో చేరే రోజున ఇంటి స్థితి పత్రం నింపడం అక్కడ మామూలు విషయం. ఇంగ్లండులో 2007 ఏప్రిల్ నుంచి చాలామటుకు అద్దె ఇళ్ళ అడ్వాన్సును ప్రభుత్వం ఒప్పుకున్న పథకంలో భద్రపరచాలన్న నియమం కూడా ఉంది. ఇక్కడ అలాంటి ఏర్పాటు లేనప్పుడు మన కాగితమే మనకు రక్ష.

కాపురమున్నన్నాళ్ళూ...

కాగితం రాసి ట్రంకుపెట్టెలో పడేస్తే సరిపోదు. తొలి వానకు మిద్దె కారిందా? ఆ వారంలోనే ఫొటో తీసి పంపి, బాగుచేయించమని అడగండి. చెప్పకుండా ఊరుకుంటే, చిన్న ఉరుపు పెద్దదయ్యాక "ముందే చెప్పొచ్చు కదా" అన్న మాట పడుతుంది. మీరే బాగుచేయిస్తే ముందు ఇంటివాళ్ళ ఒప్పుదల తీసుకుని, మేస్త్రీకిచ్చిన డబ్బుకు చీటీ రాయించి దాచండి.

ఏది ఎవరి వంతు అన్న తగవుకు 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఒక దారి చూపింది. గోడలకు సున్నం, తలుపులకు రంగు, పైపుల మార్పు, లోపలి వైరింగు, కట్టడం మరమ్మతులు ఇంటివాళ్ళవి. నల్లా వాషర్లు, మోరీ శుభ్రం, స్విచ్చీలు, తలుపు తాళాలు, కిటికీ అద్దాలు, దోమల జాలీలు అద్దెకున్నవాళ్ళవి. అడ్వాన్సు కాపురపు ఇళ్ళకు రెండు నెలల అద్దెకు మించకూడదనీ అందులో ఉంది. ఇది నమూనా మాత్రమే, ఏ రాష్ట్రమైనా చట్టంగా చేసుకుంటేనే అక్కడ చెల్లుతుంది. అయినా ఒప్పందం రాసుకునేటప్పుడు ఈ పంపకాన్నే ముందు పెట్టి మాట్లాడుకోవచ్చు.

వరద సంగతి వేరు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతకు ఫలక్‌నుమా, హాఫిజ్ బాబానగర్, అల్ జుబైల్ కాలనీ వంటి చోట్ల ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ప్రభుత్వం అప్పుడు ముంపుకు గురైన కుటుంబాలకు 10,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. అలాంటి నీళ్ళు గోడ మీద వదిలిన గీత, ఉబ్బిన తలుపులు అద్దెకున్నవాళ్ళ తప్పు కావు. ఇందాక చెప్పిన సెక్షనే ఆ మాట చెబుతోంది. కాని రుజువు మనమే ఉంచుకోవాలి. నీళ్ళు తీసిన వెంటనే, కడగక ముందే, గోడ మీది గీత నేల నుంచి ఎంత ఎత్తుందో కొలబద్దతో ఫొటో తీయండి. కింది అంతస్తులో కొత్తగా చేరేవాళ్ళు, 2020లో ఇక్కడ నీళ్ళు ఎంతదాకా వచ్చాయని పక్కింటివాళ్ళను అడగడం మరవద్దు.

ఖాళీ చేసే రోజున

నెల ముందే రాతపూర్వకంగా చెప్పండి. సామాను లారీ ఎక్కాక, ఇల్లు ఊడ్చాక, అదే పాత కాగితం చేత పట్టుకుని ఇంటివాళ్ళతో కలిసి అదే వరసలో తిరగండి. "ఇది అప్పుడే ఉంది, ఇది మా వల్ల, ఇది అరుగుదల" అని పక్కన గుర్తులు పెట్టండి. మీ వల్ల పాడైనదానికి ఖరీదు అక్కడే తేల్చుకోండి. కోత పెడితే ఎందుకు, ఎంత అన్నది చీటీ మీద రాసివ్వమనండి. నోటిమాటకు లెక్క ఉండదు. కరెంటు, నీళ్ళ బిల్లులు కట్టిన రసీదులు చూపించి, తాళంచెవులు అప్పగించినట్టు సంతకం తీసుకోండి. మళ్ళీ ఒకసారి ఫొటోలు తీయండి.

కొంతమంది అడ్వాన్సు రాదేమోనన్న భయంతో చివరి రెండు నెలలు కిరాయి ఇవ్వడం మానేస్తారు. ఇంటివాళ్ళతో ముందు అనుకుని, రాసుకుని చేస్తే ఫరవాలేదు. చెప్పకుండా చేస్తే మాత్రం తప్పు మన వైపుకొస్తుంది.

అయినా ఇవ్వకపోతే?

ముందు మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. ఎంత ఇచ్చాం, ఎప్పుడు ఖాళీ చేశాం, ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి అన్నవి రాసి, జాబితా నకలు జతచేసి, చేరినట్టు రుజువుండేలా స్పీడ్‌పోస్టులో పంపండి. బస్తీ పెద్దల చేత ఒక మాట చెప్పించండి. చాలా తగవులు అక్కడే తీరిపోతాయి.

తీరకపోతే, పాతబస్తీ వాళ్ళకు కోర్టు దూరం కాదు. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఉంది. అక్కడి న్యాయసేవాధికార సంస్థను కలవండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయం ఎంతైనా సరే ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు! కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ చేయించే వీలు కూడా ఉంది, దానికి కోర్టు ఫీజు ఉండదు. దావా వేయాల్సి వస్తే మూడేళ్ళ గడువు దాటనివ్వకండి. అందుకే ఒప్పందం అద్దెకున్న ఇల్లాలి పేరు మీద, లేదంటే భార్యాభర్తలిద్దరి పేర్ల మీద ఉంటే మంచిది.

తక్కువ కిరాయి ఇళ్ళలో ఉండేవాళ్ళకు ఇంకో సంగతి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 7వ సెక్షన్ ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదంటుంది. 2005లో చేసిన సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్ళకు ఈ చట్టం వర్తించదు. అందుకే ఇవ్వాళ ఇది కొద్ది ఇళ్ళకే పనికొస్తుంది. అయినా దీని మీద ఒక తీర్పు గుర్తుంచుకోదగ్గది. గూడూరులోని మోడర్న్ హోటల్ కేసులో 1989లో సుప్రీంకోర్టు, చట్టం ఒప్పుకున్నదానికి మించి అడ్వాన్సు చేతిలో ఉంచుకుని, అద్దె బాకీ పడ్డారంటూ ఖాళీ చేయించడం కుదరదని చెప్పింది. అంటే ఆ సొమ్ము ఎవరి చేతిలో ఉన్నా, అద్దెకున్నవాళ్ళదే. మనం తిరిగి అడుగుతున్నది దానం కాదు, మన డబ్బే.

ఈసారి ఇల్లు మారేటప్పుడు పసుపు, కుంకుమ, పాలగిన్నె సర్దుకునే సంచిలోనే ఒక కలం, నాలుగు కాగితాలు, ఒక టేపు కూడా పెట్టుకోండి. ఇప్పటికే అద్దె ఇంట్లో ఉంటున్నవాళ్ళు, మొదటి రోజు దాటిపోయిందే అని దిగులు పడకండి. ఇవ్వాళ మధ్యాహ్నం పని తెమిలాక ఓసారి ఇల్లంతా తిరిగి, ఎలా ఉందో రాసి, తేదీ వేసి ఇంటివాళ్ళకు పంపండి. ఇక ముందు వచ్చే మాటకైనా అది అడ్డుకట్ట అవుతుంది.